మారిన స్వరాలు, మారని బండ: పెట్రా బృందం ప్రస్థానంపై ఒక వేదాంత పరిశీలన

ఉపోద్ఘాతం

నేను బి.డి. చదువుతున్న రోజుల్లో మా హాస్టల్లో ఒక క్యాసెట్ చేతులు మారుతూ ఉండేది. దాని మీద అచ్చు పేరు చెరిగిపోగా ఎవరో పెన్నుతో "పెట్రా" అని రాశారు. ఉదయం గ్రీకు క్లాసులో "పెట్రా" అంటే బండ అని నేర్చుకొని, సాయంత్రం అదే పేరు గల బృందం పాటలు టేప్‌రికార్డరులో వినేవాళ్ళం. మాలో కొందరికి అది ఆనందం, కొందరికి అభ్యంతరం. ఎలక్ట్రిక్ గిటారు మోతలో దేవుని వాక్యం వినబడుతుందా అన్న వాదన భోజనశాలలో చాలాసార్లు జరిగింది. తరువాత పాస్టరుగా పనిచేసిన సంవత్సరాలలో అదే వాదన సంఘ కమిటీ సమావేశాల్లో మళ్ళీ మళ్ళీ ఎదురైంది.

పెట్రా అమెరికా దేశపు క్రైస్తవ రాక్ బృందం. 1972లో మొదలై 2005 చివరి వరకు పనిచేసింది. ఆ ముప్పై మూడేళ్ళలో గాయకులు మారారు, వాయిద్యకారులు మారారు, సంగీత శైలి అనేకసార్లు మారింది. అయినా బృందం నిలిచింది. అది ఎలా నిలిచింది, ఆ చరిత్ర నుండి సంఘం ఏమి నేర్చుకోవచ్చు అన్నదే ఈ వ్యాసం ఉద్దేశం. రాక్ సంగీతాన్ని సమర్థించడానికో ఖండించడానికో ఇది రాయడం లేదు.

చారిత్రక నేపథ్యం

1960ల చివరలో అమెరికా యౌవనస్థుల మధ్య "యేసు ఉద్యమం" అనే ఉజ్జీవం బయలుదేరింది. మత్తుమందులు, హిప్పీ జీవితం విడిచి క్రీస్తును నమ్మినవారు అనేకులు. వారు పొడవాటి జుట్టుతోనూ చేతిలో గిటారుతోనూ సంఘంలోకి వచ్చారు. కొన్ని సంఘాలు వారిని చేర్చుకున్నాయి, కొన్ని తలుపు దగ్గరే ఆపాయి. 1969లో ల్యారీ నార్మన్ విడుదల చేసిన "అపాన్ దిస్ రాక్" ఆల్బంను క్రైస్తవ రాక్ సంగీతంలో తొలి రచనలలో ఒకటిగా లెక్కిస్తారు. 1972 జూన్‌లో డల్లాస్ నగరంలో జరిగిన "ఎక్స్‌ప్లో 72" మహాసభలలో ఈ కొత్త సంగీతం సువార్త సభల వేదిక మీదికి వచ్చింది. పెట్రా పుట్టింది ఆ సంవత్సరమే.

ఆరంభ దినాలు (1972–1979)

ఇండియానా రాష్ట్రం ఫోర్ట్ వేన్ పట్టణంలోని క్రిస్టియన్ ట్రైనింగ్ సెంటర్‌లో బాబ్ హార్ట్‌మన్, గ్రెగ్ హఫ్, జాన్ డిగ్రాఫ్, బిల్ గ్లోవర్ అనే నలుగురు యువకులు కలిసి ఈ బృందాన్ని ఏర్పరచారు. మొదటి ఇద్దరూ గిటారు, మూడవవాడు బేస్ గిటారు, నాల్గవవాడు డ్రమ్స్ వాయించేవారు.

వారు ఎంచుకున్న పేరు వేదాంత విద్యార్థికి ఆసక్తికరమైనది. మత్తయి 16:18లో ప్రభువు సీమోనును "పెట్రోస్" అని పిలిచి, "పెట్రా" మీద తన సంఘాన్ని కడతానన్నాడు. మొదటి పదం పుంలింగం, రెండవది స్త్రీలింగం. ప్రభువు మాట్లాడిన అరామిక్ భాషలో రెండింటికీ "కేఫా" అనే ఒకే పదం ఉంది. ఆ బండ పేతురా, పేతురు చేసిన ఒప్పుకోలా, క్రీస్తేనా అన్న చర్చ సంఘ చరిత్రలో తెగలేదు. అయితే మత్తయి 7:24లో బుద్ధిమంతుడు ఇల్లు కట్టిన బండకూ, 1 కొరింథీ 10:4లో ఇశ్రాయేలీయులను వెంబడించిన బండ క్రీస్తేనని పౌలు చెప్పిన చోటా గ్రీకులో ఉన్నది ఈ "పెట్రా" అనే పదమే. ఇంగ్లీషులో "రాక్" అంటే ఒక సంగీత శైలి, బండ కూడా. ఆ రెండర్థాలనూ బృందం తన పేరులో కలుపుకుంది.

1974లో మిర్ అనే రికార్డు సంస్థ వారి మొదటి ఆల్బంను తెచ్చింది. అమెరికా దక్షిణ రాష్ట్రాల రాక్ శైలి, కొంత పల్లె సంగీతపు ఛాయ అందులో ఉన్నాయి. అది పెద్దగా అమ్ముడుపోలేదు. క్రైస్తవ పుస్తకాల దుకాణాలకు అది మరీ మోతగా తోచింది, లోకపు రేడియోకు మరీ మతపరంగా తోచింది. 1977లో "కమ్ అండ్ జాయిన్ అస్" వచ్చింది. దీనిలో గ్రెగ్ ఎక్స్. వోల్జ్ అనే గాయకుడు అతిథిగా పాడాడు. ఆర్జెంట్ అనే లౌకిక బృందం 1973లో పాడిన ఒక పాటను పెట్రా ఇందులో తిరిగి పాడింది. రాక్ సంగీతం దేవుడిచ్చినదే అన్నది ఆ పాట భావం. ఈ ఆల్బం కూడా ఆశించినంత ఫలితం ఇవ్వలేదు. 1979 నాటికి ఆరంభించిన నలుగురిలో హార్ట్‌మన్ ఒక్కడే మిగిలాడు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. ఏడేళ్ళ పరిచర్య, రెండు ఆల్బంలు, విడిచివెళ్ళిన ముగ్గురు స్నేహితులు. మనలో చాలామంది అక్కడితో దేవుని పిలుపు ముగిసిందని తీర్మానించుకుంటాం. హార్ట్‌మన్ అలా తీర్మానించలేదు.

వోల్జ్ కాలం (1979–1985)

స్టార్ సాంగ్ అనే మరో సంస్థ ద్వారా 1979లో "వాషెస్ వైటర్ దాన్" విడుదలైంది. వోల్జ్ ఇప్పుడు ప్రధాన గాయకుడు. శైలి మెత్తబడింది. 1981లో వచ్చిన "నెవర్ సే డై" ఆల్బంలోని "ది కలరింగ్ సాంగ్" అనే నెమ్మదైన పాట క్రైస్తవ రేడియోలో విస్తృతంగా వినబడింది. రంగుల పేర్లు ఒక్కొక్కటిగా చెబుతూ క్రీస్తు రక్షణను వివరించే పాట అది. రాక్ అంటే ముఖం తిప్పుకునే తల్లిదండ్రులు కూడా ఆ పాట విన్నారు. ఆ పాట తెరిచిన తలుపు గుండా బృందం లోపలికి వచ్చింది.

ఈ కాలంలోనే మార్క్ కెల్లీ బేస్ గిటారుకు, జాన్ స్లిక్ కీబోర్డుకు, లూయీ వీవర్ డ్రమ్స్‌కు వచ్చారు. 1982లో "మోర్ పవర్ టు యా", 1983లో "నాట్ ఆఫ్ దిస్ వరల్డ్" వచ్చాయి. రెండవ దాని పేరు యోహాను 17వ అధ్యాయంలోని ప్రభువు ప్రార్థనను గుర్తు చేస్తుంది. అందులోని "గ్రేవ్ రాబర్" పాట 1 కొరింథీ 15లోని పునరుత్థాన నిరీక్షణను ప్రకటిస్తుంది. 1984లో స్లిక్ స్థానంలో జాన్ లారీ చేరాడు. ఆ తరువాతి "బీట్ ద సిస్టమ్" ఆల్బంలో గిటారు వెనక్కి తగ్గి సింథసైజర్ ముందుకు వచ్చింది.

ఆ రోజుల్లో అమెరికా సంఘాల్లో ఒక భయం వ్యాపించింది. రాక్ రికార్డులను వెనుక నుండి ముందుకు తిప్పితే అపవాది సందేశాలు వినబడతాయని బోధకులు హెచ్చరించేవారు. పెట్రా 1982 నాటి "జూడస్ కిస్" పాట ఆరంభంలో కావాలనే వెనుకకు తిప్పిన ఒక మాట పెట్టింది. దానిని సరిగ్గా తిప్పి విన్నవారికి వినబడే ప్రశ్న, ప్రభువును వెదకవలసిన మీరు సాతానును ఎందుకు వెదకుతున్నారు అన్న భావం గలది. విమర్శకులకు ఇంతకన్న సౌమ్యమైన జవాబు కష్టం. అదే ఆల్బంలో రంగు అద్దాల కిటికీల చాటున కూర్చొని బయటి లోకపు బాధను చూడని సంఘాన్ని మందలించే పాట ఉంది. సాటి విశ్వాసులలో తప్పులు వేటాడేవారిని ఎత్తిపొడిచే "విచ్ హంట్" అనే పాట "బీట్ ద సిస్టమ్"లో ఉంది. ప్రవచన స్వరం అంటే బయటివారిని గద్దించడం మాత్రమే కాదు, దేవుని ఇంటివారితో మొదలుపెట్టడమని ఈ పాటలు గుర్తు చేస్తాయి.

ష్లిట్ కాలం (1986–1995)

బృందం ఉన్నత స్థితిలో ఉండగానే వోల్జ్ తన సొంత పరిచర్య కోసం తప్పుకున్నాడు. ఒక బృందానికి గాయకుడి గొంతే గుర్తింపు. ఆ గొంతు పోతే బృందం పోయినట్టేనని అందరూ అనుకుంటారు. 1986లో వోల్జ్ స్థానంలో జాన్ ష్లిట్ వచ్చాడు.

ష్లిట్ సాక్ష్యం వినదగినది. 1970లలో అతడు హెడ్ ఈస్ట్ అనే లౌకిక రాక్ బృందానికి గాయకుడు. కొకైన్‌కు బానిసై, చివరకు 1980లో ఆ బృందం నుండి తొలగించబడ్డాడు. ఆ సంవత్సరమే క్రీస్తును అంగీకరించాడు. ఆ తరువాత సంగీతం విడిచి గని ఇంజనీరుగా ఉద్యోగం చేసుకున్నాడు. వేదిక మీద పోగొట్టుకున్నవాడు మళ్ళీ వేదిక ఎక్కడానికి ముందు కొన్ని సంవత్సరాలు మామూలు మనిషిగా బతికాడన్నది గమనించవలసిన విషయం. నేడు మన మధ్య మారుమనస్సు పొందిన ప్రసిద్ధులను మరుసటి ఆదివారమే మైకు ముందు నిలబెట్టే ఆతురత ఉంది. కొత్తగా చేరినవానిని త్వరపడి నియమించవద్దని 1 తిమోతి 3:6 చెప్పే జాగ్రత్త గాయకులకు కూడా వర్తిస్తుంది.

ష్లిట్ గొంతు కరకుది. దానితో పాటు శైలి కూడా గట్టిపడింది. "బ్యాక్ టు ద స్ట్రీట్" (1986), "దిస్ మీన్స్ వార్!" (1987), "ఆన్ ఫైర్!" (1988) వరుసగా వచ్చాయి. ఎఫెసీ 6వ అధ్యాయపు ఆత్మీయ యుద్ధం వీటిలో తరచుగా వినబడే విషయం. ఈ ఆల్బంలకు నిర్మాణ బాధ్యత వహించినవారు జాన్, డీనో ఎలిఫాంటే సోదరులు. జాన్ ఎలిఫాంటే అంతకు ముందు కాన్సాస్ అనే ప్రఖ్యాత లౌకిక బృందంలో గాయకుడు. 1988లో మార్క్ కెల్లీ బదులు రానీ కేట్స్ బేస్ గిటారు పట్టాడు.

1989లో బృందం దారి మళ్ళింది. "పెట్రా ప్రెయిజ్: ద రాక్ క్రైస్ అవుట్" అన్న ఆల్బంలో సంఘం కలిసి పాడే స్తుతి పాటలను రాక్ శైలిలో పాడింది. ఈ పేరు లూకా 19:40ను తలపిస్తుంది. అక్కడ గ్రీకులో ఉన్న పదం "పెట్రా" కాదు, రాళ్ళు అనే అర్థమిచ్చే "లిథోయి". కాబట్టి అది వాక్య వివరణగా కాక పదాలతో ఆడిన చమత్కారంగా తీసుకోవాలి. ఏదేమైనా, తరువాతి దశాబ్దంలో ప్రపంచమంతటా వ్యాపించిన స్తుతి-ఆరాధన సంగీత తరంగానికి ఈ ఆల్బం ముందు నడిచింది. 1992లో స్పానిష్ భాషలోనూ దీనికి రూపం వచ్చింది.

1990లో వచ్చిన "బియాండ్ బిలీఫ్" ఈ బృందపు శిఖరం అనవచ్చు. దానిలోని "క్రీడ్" పాట అపొస్తలుల విశ్వాస ప్రమాణం ఆధారంగా కూర్చినది. ప్రతి ఆదివారం మనం లేచి నిలబడి చెప్పే ఆ ప్రమాణాన్ని గిటారు మోత మధ్య వేలాదిమంది యౌవనస్థులు పాడారు. ఈ ఆల్బంకు 1991లో గ్రామీ పురస్కారం లభించింది. "అన్‌సీన్ పవర్" (1991), "వేకప్ కాల్" (1993) ఆల్బంలకు కూడా 1993లో, 1995లో అదే గౌరవం దక్కింది.

చివరి దశాబ్దం (1995–2005)

1994–95లో లారీ, కేట్స్ వెళ్ళిపోయారు. హార్ట్‌మన్ కూడా పర్యటనలు మానుకున్నాడు, కాని పాటలు రాయడం మానలేదు. స్థాపకుడు వేదిక మీద లేని పెట్రా మరో ఎనిమిదేళ్ళు నడిచింది. డేవిడ్ లిచెన్స్, పీట్ ఓర్టా వంటి గిటారు వాద్యకారులు ఆ స్థానంలో నిలిచారు. "నో డౌట్" (1995), "గాడ్ ఫిక్సేషన్" (1998) ఆ కాలపు రచనలు. 2000లో పాత పాటలను మెత్తని వాయిద్యాలతో తిరిగి పాడిన "డబుల్ టేక్" వచ్చి 2001లో నాల్గవ గ్రామీ తెచ్చింది. గాస్పెల్ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు పొందిన మొదటి రాక్ బృందంగా పెట్రా 2000లో గుర్తింపు పొందింది. ఒకప్పుడు తలుపు దగ్గర ఆపినవారి ఇంట్లోనే పీట వేశారన్నమాట.

అయితే ఆ పురస్కారాలతో పాటే కష్టం కూడా ఉంది. యువతరం అభిరుచి మారింది, శ్రోతలు తగ్గారు. రెండు దశాబ్దాలు డ్రమ్స్ వాయించిన లూయీ వీవర్ 2003లో బృందానికి దూరమయ్యాడు. హార్ట్‌మన్ తిరిగి వచ్చి, ష్లిట్‌తో కలిసి "జెకిల్ అండ్ హైడ్" (2003) అనే గట్టి రాక్ ఆల్బం చేశాడు. 2005లో వీడ్కోలు పర్యటన జరిపి, ఆ సంవత్సరం డిసెంబరు 31 రాత్రి నార్త్ కరోలినా రాష్ట్రం మర్ఫీ పట్టణంలో చివరి కచేరీ చేశారు. తరువాత 2010లో హార్ట్‌మన్, వోల్జ్, కెల్లీ, లారీ, వీవర్ "క్లాసిక్ పెట్రా" పేరుతో మళ్ళీ కలిసి "బ్యాక్ టు ద రాక్" ఆల్బం తెచ్చారు. దూరమైనవారు ఒకే వేదిక మీద నిలబడటం అపొస్తలుల కార్యములు 15లో విడిపోయిన పౌలు, మార్కు తరువాత తిరిగి కలిసిన సంగతిని (2 తిమోతి 4:11) జ్ఞాపకం చేస్తుంది.

వేదాంత పరిశీలన

మొదటిది, రూపమూ సారమూ. సంగీత రూపానికి దానంతట అదే పవిత్రత గాని అపవిత్రత గాని ఉందా? ఈ చర్చలో మార్టిన్ లూథర్ సారాయి దుకాణాల పాటలకు క్రైస్తవ పదాలు పెట్టాడని తరచుగా చెబుతుంటాం. అది సరికాదు. జర్మన్ పాటల నిర్మాణంలో "బార్" అనే రూపం ఒకటి ఉంది, ఆ మాటను అపార్థం చేసుకోవడం వల్ల పుట్టిన కథ అది. లూథర్ తన క్రిస్మస్ కీర్తనకు మొదట ఒక జానపద రాగం వాడాడు, కొన్నేళ్ళకు 1539లో దానికి వేరే రాగం ఇచ్చాడు. అంటే ఆయన ప్రజల రాగాన్ని భయపడి తోసివేయలేదు, ఆలోచించకుండా పట్టుకొని వేలాడనూ లేదు. పరీక్షించి వాడాడు, అవసరమైతే మార్చాడు.

రిచర్డ్ నీబూర్ 1951లో క్రీస్తుకూ సంస్కృతికీ మధ్య ఐదు రకాల సంబంధాలను వివరించాడు. క్రైస్తవ రాక్‌ను ఖండించిన బోధకులు క్రీస్తును సంస్కృతికి విరోధిగా చూసినవారు. పెట్రా తనను తాను సంస్కృతిని మార్చే క్రీస్తు పక్షాన నిలబెట్టుకుంది. కాని మార్చడానికి వెళ్ళినవారు తామే మారిపోయే ప్రమాదం ఎప్పుడూ ఉంది. పెట్రా ముప్పై ఏళ్ళలో దక్షిణాది రాక్, మెత్తని పాప్, సింథసైజర్, గట్టి రాక్, స్తుతి గీతం అన్నీ ప్రయత్నించింది. వీటిలో కొన్ని సువార్త కోసం, కొన్ని మార్కెట్ కోసం అయి ఉండవచ్చు. ఆ రెండింటినీ వేరు చేయడం బయటివారికి సాధ్యం కాదు, ఒక్కోసారి లోపలివారికీ కాదు. అయితే శైలి మారినా పాటల్లో సిలువ, పునరుత్థానం, పరిశుద్ధత పక్కకు పోలేదు. కొలత అక్కడ పెట్టాలి.

రెండవది, సభ్యుల మార్పు. నాటినవాడు ఒకడు, నీళ్ళు పోసినవాడు మరొకడు, వృద్ధి కలుగజేసినవాడు దేవుడని 1 కొరింథీ 3:6 బోధిస్తుంది. వోల్జ్ అభిమానులు, ష్లిట్ అభిమానులు చాలాకాలం వాదించుకున్నారు. కొరింథులో పౌలు పక్షమూ అపొల్లో పక్షమూ అలాంటివే. పెట్రా నిలవడానికి ఒక ముఖ్య కారణం, పాటలు రాసే వ్యక్తి పాడే వ్యక్తి కాకపోవడం. హార్ట్‌మన్ తన మాటలను ఇతరుల నోట పెట్టడానికి సమ్మతించాడు, చివరికి వేదికను కూడా విడిచాడు. మన పరిచర్యలు చాలావరకు ఒక్క మనిషి గొంతు మీద ఆనుకొని ఉంటాయి. ఆ గొంతు ఆగితే సంఘం చెదురుతుంది. ఏలీయా దుప్పటి ఎలీషా మీద పడటానికి ముందు ఏలీయా దానిని తన భుజాల మీద నుండి వదలవలసి ఉంది.

మూడవది, ఆరాధనా ప్రదర్శనా. కచేరీలో జనం వేదికను చూస్తారు, ఆరాధనలో సంఘం పాడుతుంది. 1989లో పెట్రా ఈ తేడాను కొంతవరకు గుర్తించి, జనం కలిసి పాడగల పాటల వైపు తిరిగింది. తరువాత వచ్చిన స్తుతి బృందాలలో కొన్ని దీనినే తలకిందులు చేసి, ఆరాధనను కచేరీగా మార్చాయి. ఆదివారం మన గుడిలో గిటారు ఉందా, తబలా ఉందా అన్న ప్రశ్న కన్న, వెనుక బెంచీలో కూర్చున్న వృద్ధురాలు ఆ పాట పాడగలుగుతోందా అన్న ప్రశ్న ముఖ్యం.

మన సంఘాలకు

ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే కీర్తనల పైన రాగం, తాళం అచ్చు వేసి ఉంటాయి. పురుషోత్తమ చౌధరి (1803–1890) వంటి భక్తులు ఈ దేశపు రాగాలలో క్రీస్తును కీర్తించారు. మనం పరిశుద్ధమైనదిగా ఎంచే హార్మోనియం ఐరోపాలో పుట్టి పందొమ్మిదవ శతాబ్దంలో మన దేశానికి వచ్చిన వాయిద్యం. ఒక తరానికి కొత్తది, మరో తరానికి సంప్రదాయం. ఇది గుర్తుంచుకుంటే మన చర్చల్లో కొంత వేడి తగ్గుతుంది.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. నేను పాస్టరుగా చేసిన మొదటి సంఘంలో ఒక యువకుడు ఆరాధనకు గిటారు తెచ్చాడు. పెద్దలు అభ్యంతరపెట్టారు. నేను అతనితో కూర్చొని మాట్లాడి ఉండవలసింది. అతడు రాసుకొచ్చిన పాటలో ఏముందో చదివి ఉండవలసింది. ఆ రెండూ చేయకుండా, "బాబూ, గిటారు ఇంట్లో పెట్టి రా" అన్నాను. అతడు గిటారుతో పాటు తాను కూడా ఇంట్లోనే ఉండిపోయాడు. చాలా ఏళ్ళకు వేరే ఊళ్ళో, వేరే సంఘంలో పాటలు నడిపిస్తూ కనబడ్డాడు. నన్ను చూసి "అయ్యగారూ, వందనాలు" అని నవ్వుతూ పలకరించాడు. అతడు క్షమించాడు. కాని ఆ సంఘం ఒక గాయకుణ్ణి పోగొట్టుకుంది. దానికి కారణం నేనే.

ముగింపు

పెట్రా చరిత్రను ఆదర్శంగా అంతా అనుకరించాలని నేను అనను. వారికీ లోపాలున్నాయి, విభేదాలున్నాయి, మార్కెట్ ఒత్తిడి ఉంది. కాని నలుగురిలో ముగ్గురు వెళ్ళిపోయిన రోజున ఆగక, ప్రసిద్ధ గొంతు పోయిన రోజున బెదరక, తగిన సమయం వచ్చినప్పుడు ముగించడానికి వెనుకాడక ఆ బృందం నడిచింది. మనుషులు మారారు, వాయిద్యాలు మారాయి. పేరులో ఉన్న బండ మాత్రం వారు పెట్టుకున్నది కాదు, ముందు నుండి ఉన్నదే.

ఈ వ్యాసం చదివే సేవకులారా, వచ్చే ఆదివారం ఎవరైనా యువకుడు కొత్త వాయిద్యంతో గుడి మెట్లు ఎక్కితే, వాయిద్యం గురించి అడగడానికి ముందు అతని పేరు అడగండి. తరువాత అతని పాట చదవండి. అందులో క్రీస్తు ఉంటే, మిగిలినవి కూర్చొని మాట్లాడుకోవచ్చు.